చెంబు మీద వేసిన మాసిక

ప్యాంటు చిరిగింది మంగళవారం. యశోద బడి మానింది బుధవారం. ఈ రెంటికీ సంబంధం ఉందని మల్లెదొడ్డిలో ఒక్కరికీ తెలియదు.

యశోద పదో తరగతి. బడి హత్తికల్లులో ఉంది. పోయేటప్పుడు మూడు కిలోమీటర్లు, వచ్చేటప్పుడు మూడు, అంతా నల్లరేగడి పొలాల మధ్య మట్టిదారి. అంత దూరం నడిచే కాళ్ళకు చుడీదార్ ప్యాంటు ముందుగా ఎక్కడ అరుగుతుందో నడిచే ఆడపిల్లలందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. మోకాళ్ళ దగ్గర కాదు, కాలి అంచుల దగ్గర కాదు. పైన, లోపలి వైపు, తొడా తొడా ఒరుసుకునే చోట. అక్కడ బట్ట మొదట నున్నబడుతుంది. తర్వాత పోగులు లేచి చిన్న చిన్న ఉండలు కడతాయి. ఆ తర్వాత లోపల చెయ్యి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే వేళ్ళు కనపడతాయి. వేళ్ళు కనపడ్డాయంటే ఇక ఆ బట్ట రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే.

మంగళవారం మధ్యాహ్నం బెంచీ దాటి లోపలి వైపుకు పోబోతూ యశోద కాలు కాస్త ఎత్తి వేసింది. చర్రుమంది. పక్కన కూర్చునే శివాని "ఏంది?" అని తల తిప్పింది. యశోద "ఏం లే" అని కూలబడింది. సాయంత్రం బెల్లు కొట్టేదాకా లేవలేదు. ఇంటర్వెల్లో నీళ్ళకు కూడా పోలేదు. అందరినీ ముందు పోనిచ్చి, పుస్తకాల సంచిని నడుము కిందికి జార్చి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ చీకటి పడే వేళకు ఇల్లు చేరింది. తలుపు మూసుకుని చూసుకుంటే చిరుగు జానెడు ఉంది.

రెండో ప్యాంటు పోయినేటిది. అది పిక్కల మీదికి పొట్టిదైపోయింది. పైగా అదీ అక్కడే చిరిగి మూలన పడి ఉంది.

అమ్మ ఉండి ఉంటే ఈ కథే లేదు. అమ్మ వెంకటేశ్వరమ్మ, నాన్న రామాంజి, చెల్లెలు పోయిన నెల కూలీల మొదటి బండిలో గుంటూరు దిక్కుకు మిరపకాయలు కోయడానికి పోయారు. పదో తరగతి కదా అని యశోదను అవ్వ దగ్గర వదిలిపెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళ బట్టలు కుట్టే రత్నమణి కూడా ఆ బండిలోనే పోయింది. ఆమె మిషను గోనెసంచి కప్పుకుని వసారాలో నిలబడి ఉంది. మిగిలింది మారెన్న. బస్సు ఆగే చోట కొట్లో కూర్చుని మగవాళ్ళ ప్యాంట్లు, చొక్కాలు కుడతాడు. మారెన్నకు చెవులు సరిగా వినపడవు. అందుకని తనూ గట్టిగానే మాట్లాడతాడు. గుడ్డ ఎత్తి పట్టుకుని, కొట్టు ముందర బీడీలు కాల్చుకుంటున్న నలుగురికీ వినపడేటట్టు, "యాడమ్మా చినిగిండేది?" అంటాడు. ఆ మాట తలచుకుంటేనే యశోదకు చెవులు వేడెక్కాయి.

ఇంక అమ్మకు ఫోన్‌లో చెప్పుకోవాలి. ఆ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో ఉంటుంది. అమ్మ చుట్టూ గుడారంలో పదిమంది ఉంటారు.

బుధవారం పొద్దున అవ్వ గంగక్క లేపితే "కడుపునొప్పి" అంది. గురువారం అదే అంది. శుక్రవారం ఏమీ అనకుండా పొయ్యి ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఏమ్మే, బడికి పోల్యాదంటనే మూడు దినాలాయ?"

యశోద ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"నోట్లో ఏముండాది? సదువుకోవల్లని ఉండాదా ల్యాదా చెప్పు. ల్యాకుంటే ఈడికి వచ్చెయ్. కాయ శానా ఉండాది, చేతులు చాలడం ల్యా. ఆడ ఉత్తగ కూకొని అవ్వను సతాయించేదేంటికి?"

వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "రానీలే ఎంకటేశ్వరమ్మా, నలుగురైతే సాలుకు ముందుంటారు" అంది. ఇంకెవరో నవ్వారు. యశోద ఫోన్ అవ్వకు ఇచ్చేసి నీళ్ళ గాబు దగ్గరికి పోయి ఊరకే నిలబడింది.

బడి అంటే ఆమెకు ప్రాణమేమీ కాదు. పెద్ద పెద్ద ఆశలు కూడా లేవు. లెక్కలు కొంచెం వస్తాయి, ఇంగ్లీషు రాదు. కానీ బడిలో కూర్చోవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకచోట కూర్చుని ఎవరో చెప్తుంటే వినడం, ఎండ తలమీద పడకుండా వినడం, అది ఎంత సుఖమో ఇద్దరు ముగ్గురు తప్ప ఆ క్లాసులో ఎవరికీ తెలియదు. ఎనిమిదో తరగతిలో రెండు నెలలు మిరపకాయలకు పోయి వచ్చింది. ఆ రెండు నెలల తర్వాత చేతుల మంట తగ్గడానికి ఎన్ని దినాలు పట్టిందో గుర్తుంది. తిరిగి వచ్చాక లెక్కల పుస్తకంలో సగం పాఠాలు అయిపోయి ఉండడం గుర్తుంది. ఈసారి పోతే తిరిగి వచ్చేసరికి పరీక్షలే అయిపోతాయి. అది అందరికీ తెలిసిందే. అయినా "ప్యాంటు చిరిగింది" అనే రెండు మాటలు గొంతు దాటి రావడం లేదు.

శనివారం పొద్దు గుంకే వేళకు కంబన్న మేస్త్రి వచ్చాడు. కూలీలను బండ్లకు ఎక్కించి తీసుకుపోయేది ఆయనే. చేతిలో నోటుపుస్తకం, చెవి మీద పెన్ను.

"ఏం గంగక్కా, బాగుండావా? మంగళవారం తెల్లారి రెండో బండి పోతాది. మీ పాప బడి మానేసిందంట గదా, ఎంకటేశ్వరమ్మ ఫోన్ చేసిండ్య. పేరు రాసుకుందునా?"

"నాకేం తెలుసప్పా కంబన్నా," అంది గంగక్క జొన్నరొట్టె తడుతూ. "కడుపునొప్పి అంటాది. రేపు పత్తికి మాత్రం పోతానంటాది. బడికి పోయేటప్పుడు వచ్చి పత్తికి పోయేటప్పుడు పొయ్యే నొప్పి నా కాలంలో ల్యాదు."

కంబన్న నవ్వి, వసారా స్తంభం వెనక నిలబడిన యశోదను చూశాడు. "ఏమ్మే, నువ్వే చెప్పు. బడా, బండా?"

యశోద స్తంభం సున్నం గీకుతూ నిలబడింది.

"ఇట్ల అడిగితే పొద్దు పోతాది గానీ మాట రాదు," అన్నాడు కంబన్న. చెడ్డవాడేమీ కాదు. "ఇను పాపా. సోమవారం నువ్వు బడికి పోతే సరి, నేను ఈ గడప తొక్కను. పోకుంటే సాయంత్రం పేరు రాసుకుంటా, మంగళవారం తెల్లారి గుడ్డల మూటతో మలుపుకాడ ఉండల్ల. మీ అమ్మకు ఇదే చెప్తా. సరేనా గంగక్కా?"

"సరేలేప్పా. రొట్టె తిని పో."

ఆదివారం యశోద పత్తికి పోయింది. అమ్మ పాత లంగా, దానిమీద నాన్న ఫుల్ చేతుల చొక్కా. ఆఖరు తీత పత్తి. కాయ సరిగా విచ్చుకోదు, ఎండిన కాయ డిప్పల మొనలు వేలిగోళ్ళ సందుల్లో దిగబడతాయి. ఒళ్ళోకి చేరేది పిడికెడు, వంగే వంగుళ్ళు వెయ్యి. నాలుగు గంటలకు ఇల్లు చేరేసరికి నడుము తనది కానట్టు ఉంది. అవ్వ అప్పటికే ఎవరి ఇంట్లోనో చెనిక్కాయలు ఒలవడానికి పోయింది. ఇల్లు ఖాళీ. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ముఖం కడుక్కోలేదు. ట్రంకు పెట్టె తెరిచి చిరిగిన ప్యాంటూ, పోయినేటి పొట్టి ప్యాంటూ, అవ్వ సూదుల డబ్బా తీసుకుని తలుపు దగ్గర వెలుతురులో కూర్చుంది. పొట్టి ప్యాంటు తొడ దగ్గర నుంచి రెండు అరచేతులంత గుడ్డ కత్తిరించింది. ముదురు నీలానికి నీలం, బాగానే కలిసింది. నల్ల దారం ఉండ ఒకటి ఉంది, చిన్నది. సూదిలో దారం మూడోసారికి గానీ ఎక్కలేదు. పత్తి తీసిన చేతులు సన్నపని అందుకోవడానికి కాస్త టైము పడుతుంది.

యశోదకు కుట్టు రాదనడానికి లేదు. బొంత కుట్టడం వచ్చు. ఏడేళ్ళ వయసు నుంచి చలికాలం ముందర అవ్వతో కూర్చుని బొంతలు కుట్టింది. పాత చీరలు పొరలు పొరలుగా బండల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచు నుంచి లోపలికి చదరాలు చదరాలుగా కుట్టుకుంటూ పోవాలి. అవ్వకు ఒకటే సూత్రం. "అడుగు పొర అందల్ల. సూది కింద బండకు టక్‌మని తగలల్ల. ఆ సప్పుడు ఇనపడకుంటే అది కుట్టే కాదు." పైపైన కుట్టిన బొంత రెండు ఉతుకులకే ఉబ్బి ముద్ద కడుతుంది. అందుకని యశోద చెవి ఎప్పుడూ ఆ టక్‌మనే చప్పుడు మీదే ఉంటుంది.

ఇప్పుడూ అట్లాగే చేసింది. ప్యాంటును బండ మీద పరిచి, అరచేత్తో ముడతలు లేకుండా సాపుచేసి, నడుము దగ్గర ఒక కాలితో తొక్కిపట్టి, చిరుగు మీద మాసిక పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. సూది దించింది. టక్. తీసింది. దించింది. టక్. పత్తిలో వంగిన నడుము ఇప్పుడు ఇంకోరకంగా వంగింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు, చప్పుడు చెప్తుంది. అంచు వెంబడి ఒక చుట్టు, దాని లోపల ఇంకో చుట్టు, మధ్యలో అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు. ఎనిమిదేళ్ళలో ఇంత సన్నంగా, ఇంత దగ్గరగా ఎప్పుడూ కుట్టలేదు. చివర మూడు ముడులు వేసి పళ్ళతో దారం తెంపింది. చేత్తో లాగి చూసింది. ఎద్దును కట్టేసినా ఊడదు. మడతపెట్టి ట్రంకు పెట్టె కింద ఇస్త్రీ కోసం అణిచిపెట్టి, అవ్వ రాకముందే చాప మీద వాలిపోయింది.

సోమవారం పొద్దున ఏడింటికే తలకు పోసుకుంది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎడమ కాలు బాగానే దిగింది. కుడి కాలు పెట్టింది. పాదం దిగింది. మోకాలు దిగింది. తొడ దగ్గర ఆగింది.

గుడ్డ మెలికపడిందేమో అనుకుని లాగింది. రాలేదు. ఒంటికాలి మీద ఎగిరి ఇంకోసారి లాగింది. ట్రంకు పెట్టె మీద పడింది, పెట్టె మీద చెంబు పడింది, చెంబు దొర్లుకుంటూ పోయి తలుపుకు కొట్టుకుంది.

"ఏమ్మే! ఏమైందే?" అంటూ గంగక్క తలుపు తోసుకుని వచ్చింది.

గంగక్క కళ్ళలో పొర పడి రెండేళ్ళైంది. మనిషి కనపడుతుంది, మనిషి మొహంలో ఏముందో కనపడదు. నేల మీద కూర్చున్న మనవరాలి పక్కన చతికిలబడి చేత్తో తడిమింది. మోకాలి పైన బిగుసుకుపోయిన గుడ్డ తగిలింది. దాని మీద వేళ్ళు నడిపించింది. కుట్టు వెంబడి ఒక చుట్టు, రెండు చుట్లు, అడ్డం, నిలువు. తిప్పి వెనకవైపు తడిమింది. అక్కడా అవే కుట్లు.

"ముందరిదీ ఎనకదీ కలిపి కుట్టిండావు గదే!"

యశోద చూసుకుంది. నిజమే. ప్యాంటు కాలు రెండు పొరలు. ఆమె అడుగు పొర అందించింది.

గంగక్కకు నవ్వు వచ్చింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గుతూనే, "నేను నేర్పిచ్చిండేది మర్సిపోకుండా కుట్టిండావు సూడు! చలికాలం కప్పుకుందామంటే చెప్పు, ఇంకో కాలు కూడా కుట్టేద్దాం," అంది.

యశోద నవ్వలేదు. మోకాళ్ళలో తల పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయని చేత్తో పట్టుకున్నాక గానీ గంగక్కకు తెలియలేదు.

నవ్వు ఆపింది.

"యాడ చినిగిండేది?"

"ఆడనే."

"ఎప్పుడు?"

"మంగళవారం."

గంగక్క భుజం మీది చెయ్యి తీసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అయితే నీ కడుపునొప్పి ఇదా?"

"ఊ."

"దీనికా నువ్వు మీ అమ్మతో తిట్లు తిని, ఆ కంబన్న బండి ఎక్కేదానికి సిద్ధమైండేది? నోరు ల్యాదా నీకు? చినిగిందవ్వా అని ఒక్క మాట!"

"సిగ్గైంది."

"నాకాడ ఏం సిగ్గే? మీ నాయిన ముడ్డి కడిగిన చేతులివి, నీది కడిగిన చేతులివి. ఇప్పు. ఇప్పి ఇట్ల ఇయ్యి. పిన్నీసు తే."

బడికి తొమ్మిదిన్నరకు బెల్లు కొడతారు. ముప్పావు గంట నడక. యశోద గోడ మీది గడియారం చూసింది. ఏడుంబావు.

కుట్టిన కుట్టు విప్పడం కుట్టడం కంటే కష్టమని ఆ పొద్దున ఆమెకు తెలిసింది. మొదటిసారి అంత బాగా కుట్టినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. గంగక్క కళ్ళు అటు ఎక్కడో చూస్తున్నాయి, వేళ్ళు మాత్రం కుట్టును వెతికి పట్టుకుంటున్నాయి. పిన్నీసు మొనతో ఒక్కో కుట్టు ఎత్తి, "ఇది కొయ్యి" అంటే యశోద కత్తెరతో తెంపుతుంది. "ఇది. ఇది. ఈ ముడి యా దేవునికి ఏసిండావే, ఊడిరాదు?" సగం విప్పేసరికి మాసిక గుడ్డ తనంతట తనే రెండుగా చీలిపోయింది. పిన్నీసు తాకిన చోటల్లా చిల్లులు.

"ఇది యాడిది?"

"పాత ప్యాంటుది. తొడకాడిది కోసినా."

"తొడకాడిదా! అదీ అరిగిందే, ఇదీ అరిగిందే. నన్ను తోడు పిల్చుకొని కొండెక్కినట్ల." గంగక్క ఆ పొట్టి ప్యాంటును ఒళ్ళోకి లాక్కుని పైనుంచి కింది దాకా తడిమింది. బొందు దూర్చే నడుము మడత దగ్గర చెయ్యి ఆగింది. "ఇదో, ఈడ కొయ్యి. ఈ మడతలో గుడ్డకు ఎండ తగల్లేదు, రాపిడి తగల్లేదు. ఏడాది కట్టినా ఇది కొత్తదే."

యశోద బొందు లాగేసి మడత విప్పింది. లోపల బట్ట నిజంగానే కొత్తగా ఉంది, రత్నమణి కుట్టిన నాటి నీలం అట్లాగే ఉంది. దానితో పోలిస్తే మిగతా ప్యాంటు బూడిద రంగులో కనిపించింది. తన ప్యాంటు ఒకప్పుడు ఈ రంగులో ఉండేదని ఆమె మర్చిపోయింది.

"ఇప్పుడు ఆ చెంబు తే."

"చెంబేంటికవ్వా?"

"బొంతకైతే అడుగు నేల. కాలుకు అడుగు యాడిది? కాలే గదా. కాలు ల్యాని చోట చెంబు పెట్టల్ల."

ఇందాక దొర్లిన చెంబును తెచ్చి ప్యాంటు కాలి లోపలికి దూర్చింది. చిరుగు కింద చెంబు కడుపు ఉబ్బుగా నిలబడింది. వెనకవైపు గుడ్డ చెంబు అవతలే ఉండిపోయింది. మాసికను చిరుగు లోపలివైపు నుంచి పెట్టి, అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. సూది చెంబుకు తగిలి టింగ్‌మంది. చెంబుకు తగలగానే సూదిని పక్కకు వాల్చి పైకి తేవాలి. బొంతలో దించినట్టు దించితే మొన వంగిపోతుంది. రెండుసార్లు వేలిలో దిగింది.

"టింగ్ అంటాందా?"

"అంటాంది."

"అయితే సరి. ఇప్పుడు అడుగు పొర అందకూడదు. అన్నిటికీ ఒకటే సూత్రం అని నేను చెప్పిండ్లా? నువ్వే అనుకుంటివి."

మూడో వంతు మిగిలి ఉండగానే నల్ల దారం అయిపోయింది. డబ్బాలో ఉన్నది తెల్లది.

"తెల్లదేంది, బాగుండదవ్వా."

"ఆడ ఎవరు సూస్తారే?"

"నాకు తెలుస్తాది గదా."

"నీకు తెలిసేదానికి ఏ రంగైతేనేమి? కుట్టు."

కుట్టింది. చివరి ముడి వేసేసరికి తొమ్మిదీ నలభై. బెల్లు కొట్టేసి ఉంటారు. ప్యాంటు చేతుల్లో పట్టుకుని యశోద కూర్చునే ఉంది. చిరిగిన ప్యాంటుతో పోవడం ఒక సిగ్గు. నాలుగు దినాలు ఎగ్గొట్టి, ఐదో దినం క్లాసు మధ్యలో తలుపు దగ్గర నిలబడి "మే ఐ కమిన్" అనడం ఇంకో సిగ్గు. ఒకటి పోయిందనుకుంటే దాని వెనకే ఇంకొకటి నిలబడి ఉంది. అలసట కూడా ఉంది. నిన్నటి పత్తి ఇంకా నడుములోనే ఉంది. రేపు పోదాంలే అనుకుంటే ఎంత బాగుంటుంది! కానీ రేపటికి బండి ఉంది.

"పోతావా?" అంది గంగక్క సూదులు డబ్బాలో వేసుకుంటూ. "పోకుంటే ఇప్పుడే చెప్పు, సాయంత్రం కంబన్నకు నేనేం చెప్పల్లో."

యశోద లేచి ప్యాంటు వేసుకుంది. పాదం, మోకాలు, తొడ. దిగింది. బొందు కట్టుకుంది.

ఊరు దాటి వంక దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కంబన్న మోటారు సైకిల్. ఆమెను చూసి ఆపి, ఒక కాలు నేలమీద పెట్టాడు.

"ఏమ్మే, పది దాటె. ఇప్పుడు బడా? నన్ను సూసి బడికి పోయినట్ల నటిస్తాండావేమి?"

యశోద తల అడ్డంగా ఊపింది.

"సూడు పాపా, నేను ఆడ ఎంతమంది వస్తాండారో చెప్పల్ల. సీటు ఉండాదో ల్యాదో ఇప్పుడే తెలియల్ల. ఇష్టం ల్యాకుంటే ల్యాదను. ఇన్ని దినాలు ఏంటికి పోలేదు మరి? ఎవురన్నా ఏమన్నా అన్యారా?"

దారిలో ఇంకెవరూ లేరు. వంకలో నీళ్ళు లేవు. పొలంలో తీసేసిన పత్తి కట్టె ఎండకు చిటపటమంటోంది. యశోద సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుంది. ఇప్పుడు కూడా స్తంభం ఉంటే బాగుండుననిపించింది.

"ప్యాంటు చినిగింది మామా," అంది. గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఉండేది ఒకటే. కుట్టుకునేసరికి ఇంత పొద్దాయె. రేపు నేను బండికి రాను."

కంబన్న చూపు ఆమె మీద నుంచి తీసేసి పత్తి చేను మీద పెట్టాడు. చెవి మీది పెన్ను సరిచేసుకున్నాడు.

"ఓ... అదా," అన్నాడు. "సరే. సరేలే. పో, పో. ఎండైతాది." బండి తన్ని స్టార్ట్ చేసి, పది గజాలు పోయాక వెనక్కి తిరగకుండానే, "మీ అమ్మకు నేను చెప్తాలే, పాప బడికి పోతాందని. అంతే చెప్తా," అని అరిచాడు.

క్లాసులో లెక్కల మేడమ్ ఉంది. బోర్డు మీద త్రికోణాలు ఉన్నాయి.

"రామ్మా మహారాణీ. నాలుగు రోజులు ఏమైపోయావు?"

"కడుపునొప్పి మేడమ్," అంది యశోద. దారిలో ఉన్న ధైర్యమంతా దారిలోనే ఖర్చైపోయింది.

శివాని జరిగి చోటిచ్చింది. "నువ్వు గుంటూరుకు పోయినావనుకుంటి" అని గుసగుసలాడి నోట్సు ముందుకు తోసింది. యశోద బెంచీ మీదుగా కాలు వేయలేదు. చుట్టూ తిరిగి వచ్చి కూర్చుంది. మాసిక తొడ కింద దళసరిగా, గట్టిగా తెలుస్తోంది. మధ్యాహ్నానికి దాని అంచు ఒరుసుకుని చర్మం మండింది. అయినా కూర్చుంది. చివరి పీరియడ్‌లో కళ్ళు మూతపడుతుంటే నోట్సులో త్రికోణం గీత పక్కకు పోయింది. శివాని మోచేత్తో పొడిచింది. రబ్బరుతో చెరిపి మళ్ళీ గీసింది.

సాయంత్రం కంబన్న ఇంటికి రాలేదు.

మంగళవారం తెల్లారుజామున మలుపు దగ్గర హారన్ రెండుసార్లు మోగింది. ఆడవాళ్ళ మాటలు, గిన్నెల చప్పుడు, ఎవరో చంటిపిల్ల ఏడుపు. తర్వాత బండి కదిలి, గేరు మార్చుకుని, రోడ్డు ఎక్కి దూరమైంది. ఎవరూ యశోద పేరు పిలవలేదు. బొంత కింద అవ్వ కూడా మేలుకునే ఉంది.

"పోయినట్లుండాది," అంది గంగక్క.

"ఊ."

"మీ అమ్మ తిడుతాదేమో."

"తిట్టనీలే."

కాస్త వెలుగు వచ్చాక యశోద లేచింది. దండెం మీది ప్యాంటు తీసుకుని తలుపు దగ్గరికి పోయింది. కుడి కాలు తిప్పి చూసుకుంది. నల్ల కుట్లు, తెల్ల కుట్లు, ఒక్కటి ఊడలేదు. తర్వాత ఎడమ కాలిలో చెయ్యి పెట్టి, తొడ దగ్గర గుడ్డను తెల్లవారుతున్న ఆకాశానికి పట్టుకుంది.

వేళ్ళు కనపడ్డాయి. ఐదూ.

పరీక్షలకు ఇంకా ఏడు వారాలు. రోజుకు ఆరు కిలోమీటర్లు. అన్నాళ్ళు ఇది ఆగదు.

"ఏమే, ఏం సూస్తాండావు?"

"ఏం లే" అనబోయి ఆగింది.

"రెండో కాలు కూడా పల్చనైందవ్వా."

"చినగక ముందరే మాసిక ఏసుకుంటే సగం పని," అంది గంగక్క అటు తిరిగి పడుకుంటూ. "నడుము మడతలో ఇంకా గుడ్డ ఉండాది గదా."

మూరెడు ఉంది. యశోద దాన్ని ట్రంకు పెట్టెలోంచి తీసి, రెండు అరచేతులంత కత్తిరించి, సూది గుచ్చి, ఆదివారానికని చెంబులో వేసి పెట్టింది. తర్వాత గుర్తొచ్చింది, చెంబు నీళ్ళకు కావాలి. గుడ్డ తీసి కొక్కేనికి తగిలించి, చెంబు పట్టుకుని గాబు దగ్గరికి పోయింది.